పిన్నులు లేచినా కప్లర్ కారడం గురించి

అన్నా, గుణుపూర్ దగ్గర మీ ఊరి నీటి లైన్‌లో 110 ఎంఎం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపుకి వేసిన ఎలక్ట్రోఫ్యూజన్ కప్లర్ (కరెంటు పెట్టి ప్లాస్టిక్ కరిగించి రెండు పైపుల్ని అతికే జోడింపు గొట్టం), దాని మీద కరిగినట్టు చూపే చిన్న పిన్నులు లేచినా, కారుతోందన్నారు కదా. పిన్ను లేచిందంటే లోపల ప్లాస్టిక్ కరిగిందని మాత్రమే అర్థం, అతుక్కుందని కాదు.

నా అనుమానం అంతా గీకడం మీదే. పైపు పైపొర గాలికి, ఎండకి ఆక్సైడ్ పట్టి ఉంటుంది, దాన్ని స్క్రేపర్‌తో చుట్టూ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన తీసేయాలి, మీరు వాడిన గరుకు కాగితం ఆ పని చేయదు, పైగా మురికిని లోపలికి రుద్దుతుంది. గీకే ముందు మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి, అవన్నీ పోతేనే పూర్తయినట్టు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి, ఇక చేత్తో ముట్టుకోవద్దు.

మన పర్లాకిమిడి, రాయగడ వైపు వానాకాలంలో గోతిలో నీళ్లు ఊరుతూనే ఉంటాయి. తడి తగిలితే అతుకు పోయినట్టే, టార్పాలిన్ కట్టి గోతిలో నీళ్లు తోడాకే మొదలుపెట్టండి. పైపులు కదలకుండా పట్టే క్లాంప్ లేకుండా మాత్రం వద్దు, కప్లర్ మీద రాసిన చల్లారే సమయం అయ్యేదాకా దాన్ని విప్పొద్దు కూడా. జనరేటర్ వోల్టేజీ ఊగుతుంటే ముందు అది సరిచేయించండి.

కారుతున్నదానికి మళ్లీ కరెంటు పెట్టి టెన్షన్ పడకండి, కోసేసి కొత్తది వేయండి.