జనం లేని తీరాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: పిల్లలతో రెండు రోజులు సముద్రం పక్కన గడపాలి. విశాఖ రద్దీ వద్దు. ఎక్కడికి వెళ్లమంటారు?
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జ: శ్రీకాకుళం జిల్లాకు వెళ్లండి. అక్కడ మా మొదటి ఓటు బారువకే. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు అది. కొబ్బరితోటలు, లైట్‌హౌస్, పొడవాటి ఇసుక తీరం, అంతే. బారువకు రైల్వే స్టేషన్ ఉన్నా ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు ఆగవు. పలాసలో దిగి రోడ్డు మీద వెళ్లడం తేలిక.

రెండోది కళింగపట్నం. శ్రీకాకుళంలో బస పెట్టుకోండి. రైలు దిగాల్సిన ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది, అక్కడి నుంచి ఊళ్లోకి బస్సో ఆటోనో ఎక్కాలి. కళింగపట్నం తీరం శ్రీకాకుళానికి సుమారు 30 కి.మీ. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలను ఎండ ముదరకముందే చూసేసి, సాయంత్రానికి సముద్రం దగ్గరికి చేరుకోండి.

చోటు కంటే రోజు ముఖ్యం. ఎంత మారుమూల తీరమైనా ఆదివారం, కార్తీక మాసంలో పిక్నిక్ జనంతో నిండిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల బెడద సరేసరి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా, సోమవారం నుంచి గురువారం లోపు చూసుకోండి.

ప్ర: ఇలాంటి చోట్ల స్నానం చేయవచ్చా? ఈత బాగా వచ్చు.
(ఒక పాఠకుడు, ఖమ్మం)

జ: నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర వద్దు. ఈత వచ్చినవాళ్లకూ ఇదే మాట. సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ నది నీరు, సముద్రపు నీరు కలిసి లోపలికి లాగుతాయి. మొగ పక్కన ఇసుక అంచు కాలి కింద ఉన్నట్టుండి జారిపోతుంది, ఒక్క అడుగులో మోకాలి లోతు కాస్తా పీకల లోతవుతుంది.

మొగకు దూరంగా ఉన్నా, దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అలలు తెచ్చిన నీరు ఇసుక దిబ్బల మధ్య సందులోంచి వెనక్కి పోతుంది. ఆ సందులో అలలు విరగవు, నీరు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది, నురగ లోపలికి సాగుతుంటుంది. ప్రశాంతంగా ఉందని చాలామంది సరిగ్గా అక్కడే దిగుతారు. ప్రాణాలు పోయేది అక్కడే.

లాగేస్తుంటే ఒడ్డుకు ఎదురీదకండి, నిమిషాల్లో చేతులు పడిపోతాయి. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది లాగుడు తగ్గాక, విరిగే అలలతో పాటు బయటికి రండి. ఓపిక లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. కాపాడాలని ఒడ్డున ఉన్నవాళ్లు వెంట దూకొద్దు. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాన్‌కు తాడు కట్టి విసరండి. కారులో ఈ రెండూ పెట్టుకుని బయల్దేరడం మంచిది.

ప్ర: కాకినాడ హోప్ ఐలాండ్‌లో టెంట్ వేసుకుని, మంట వేసుకుని ఓ రాత్రి ఉండాలని ఉంది.
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జ: రాత్రి ఆలోచన మానుకోండి. గోదావరి తెచ్చిన ఇసుక మేటతో ఏర్పడిన ఆ దీవి మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు. ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లుంటాయి. సుమారు యాభై రోజులకు బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపే పాకుతాయి. మీ మంటో టార్చిలైటో కనబడితే సముద్రాన్ని వదిలి అటు మళ్లి, తెల్లారేసరికి కాకుల పాలవుతాయి.

పగలు వెళ్లిరండి. అటవీ శాఖ అనుమతి సంగతి కాకినాడలోనే కనుక్కుని పొద్దున్నే పడవెక్కండి. మధ్యాహ్నం గాలి లేస్తే తిరుగు ప్రయాణంలో పడవ బాగా ఊగుతుంది. దీవికీ కాకినాడకూ మధ్య ఉన్న అఖాతం లోతు తక్కువ, ఆటు వేళ పడవ బురదలో కూరుకునే ప్రమాదముంది. అందుకే ఎన్నింటికి తిరగాలో పడవవాళ్లనే నిర్ణయించనివ్వండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ తప్పనిసరి.

ప్ర: మే నెలలో వెళ్తే తాజా చేపలు దొరుకుతాయా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జ: అంతగా దొరకవు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకు సముద్రంలో వేట నిషేధం. ఇంజను లేని నాటు పడవలవాళ్లు తెచ్చే కొద్దిపాటి చేప పొద్దున్నే ఒడ్డున అమ్ముడుపోతుంది.