పవర్ అసిస్ట్ చక్రాలు: భుజాలకి మేలే, కానీ కుర్చీ బరువు ఎవరు ఎత్తుతారో చూసుకోండి

విజయనగరం నుంచి అడిగిన తమ్ముడికి. మీ అక్కకి వీల్‌చైర్ చేత్తో తోసుకుని తోసుకుని భుజాలు నొప్పెడుతున్నాయి, మోటారు సాయం ఇచ్చే చక్రాలు వేయిస్తే బయట తిరగడం తేలికవుతుందా అని కదా మీ ప్రశ్న. తేలికవుతుంది. నేను శ్రీకాకుళంలో అవే వాడుతున్నాను. అయితే అన్నిచోట్లా కాదు.

మాకు నడకా చేతులతోనే, మంచం మీంచి కుర్చీలోకి ఒళ్ళు ఎత్తుకోవడమూ చేతులతోనే. భుజం పోతే రెండూ పోతాయి. అందుకే నొప్పి మొదలవగానే పట్టించుకోమంటాను. ఈ చక్రాల్లో మోటారు చక్రం మధ్యలోనే ఉంటుంది. రిమ్ మీద, అంటే చక్రం పక్కన చేత్తో పట్టుకుని తోసే రింగు మీద చెయ్యి వేసి తోస్తే, ఎంత బలంగా తోశామో సెన్సర్ పసిగట్టి, దానికి తగ్గట్టు మోటారు తోడవుతుంది. పల్లంలో రిమ్ వెనక్కి పట్టి లాగితే వేగం తగ్గిస్తుంది. ఒక చెయ్యి బలహీనంగా ఉంటే, చాలా మోడళ్ళలో ఆ వైపు సాయం ఎక్కువ పెట్టుకోవచ్చు. తోసేది మనమే కాబట్టి చేతులకి కదలిక పోదు. పూర్తి ఎలక్ట్రిక్ చైర్‌కీ దీనికీ అసలు తేడా అదే.

నాగావళి వంతెన మీదికి ఎక్కాలన్నా, అరసవల్లి గుడి దాకా వెళ్ళాలన్నా ఇదివరకు ఎవరో ఒకరు వెనక నుంచి తోయాల్సిందే. ఇప్పుడు మా ఆవిడ నా పక్కనే నడుస్తూ మాట్లాడుతుంది. నాకు అది చాలా పెద్ద విషయం.

ఇక బరువు సంగతి. మోడల్‌ని బట్టి ఒక్కో చక్రం 6 కిలోల నుంచి 10 కిలోల పైదాకా ఉంటుంది. మామూలు కుర్చీని మా అబ్బాయి ఒక్కడే ఎత్తి ఆటోలో పెట్టేసేవాడు. ఇప్పుడు చక్రాలు విడదీసి ఒక్కొక్కటీ మోయాలి. రెండు మెట్లున్న ఇంటికి వెళ్తే ఇద్దరు మనుషులు కావాలి. దారిలో చార్జింగ్ అయిపోతే ఆ బరువంతా మళ్ళీ మన భుజాల మీదే.

గోతులకి కూడా ఇవి మందు కాదు. ముందుండే చిన్న చక్రాలు మారవు కదా, ఇసకలో దిగబడేవి అవే. వెనక మోటారు తోస్తుండగా ముందు చక్రం గోతిలో ఆగిపోతే మనిషి ముందుకి తూలిపోతాడు, బెల్టు తప్పనిసరి. ర్యాంపు ఎక్కేటప్పుడు గట్టిగా తోస్తే కుర్చీ ముందు భాగం లేచి వెనక్కి ఒరుగుతుంది, కాబట్టి వెనక పడిపోకుండా ఆపే చిన్న చక్రాలూ ఉండాలి.

మీ అక్క ఎక్కువగా రోడ్డు మీదే తిరిగే మనిషైతే నా సలహా వేరు. కుర్చీ ముందు తగిలించుకునే మోటారు బండి చూడండి. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ వాళ్ళ నియోబోల్ట్ అలాంటిదే, గంటకి 25 కిలోమీటర్ల వేగం దాకా వెళ్తుంది. ముందు పెద్ద చక్రం వస్తుంది కాబట్టి మన రోడ్లకి అదే నయం. ఇంటికొచ్చాక విప్పేసుకోవచ్చు.

ఏది కొనేముందైనా ఒకసారి ఫిజియోథెరపిస్టుకి చూపించి, వెనక చక్రాల ఇరుసు ఎక్కడుందో గమనించమనండి. అది మరీ వెనక్కి ఉంటే ప్రతి తోపుకీ భుజం వెనక్కి సాగాలి. కాస్త ముందుకి జరిపించి, టైర్లలో గాలి నిండుగా ఉంచితేనే చాలా తేడా తెలుస్తుంది. ఆసుపత్రుల్లో ఉండే మడత కుర్చీ రకమైతే చక్రాలు నట్లతో బిగించి ఉంటాయి, వాటికి ఈ పవర్ చక్రాలు నేరుగా ఎక్కవు. మీ అక్క కుర్చీకి చక్రం మధ్యలో, నొక్కితే చక్రం ఊడొచ్చే బటన్ ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి, దాన్నిబట్టి ఏది సరిపోతుందో చెప్తాను.