సంఘంతో కలిసి భక్తి సాధన: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏడాదిలో బైబిలంతా చదవాలని ప్రతి జనవరి 1న ఆదికాండంతో మొదలుపెడతాను. ఏ ఏడూ ఫిబ్రవరి దాటలేదు. లేవీయకాండం దగ్గరే ఆగిపోతున్నాను. నాకు భక్తి చాలదా?

జవాబు: భక్తి సంగతి పక్కనపెట్టి ముందు లెక్క చూడండి. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. 365 రోజులకు పంచితే రోజుకు మూడుంపావు. ఈ వేగంతో వెళ్తే జనవరి 24 ప్రాంతంలో నిర్గమకాండం 25వ అధ్యాయానికి, అంటే ప్రత్యక్షగుడారపు (ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఆరాధనకు వేసుకున్న గుడారం) కొలతల్లోకి వస్తారు. 28 నాటికి లేవీయకాండం. అప్పటిదాకా నడిపించిన కథ ఆగి, విధులు మొదలయ్యే చోటది. సరిగ్గా అక్కడే జ్వరమొచ్చి నాలుగు రోజులు తప్పితే 13 అధ్యాయాల బాకీ పడుతుంది. ఆ బాకీ తీర్చాలని ఒక్క పూటలో అన్నీ చదివితే ఏదీ మనసుకెక్కదు. మరుసటి రోజు పుస్తకం తెరవాలంటేనే బెరుకు. చాలామంది మానేసేది ఈ బెరుకుతోనే.

మొదటి ఏడాదికి కొత్త నిబంధన చాలు. అందులో 260 అధ్యాయాలు. వారానికి 5 రోజులు, రోజుకొకటి చదివితే 52 వారాలకు సరిపోతుంది. శని, ఆదివారాలు ఖాళీగా ఉంచుకోండి. తర్వాత రెండేళ్లు వారానికి 6 రోజులు, రోజుకు ఒకటిన్నర అధ్యాయం చొప్పున చదివితే పాత నిబంధన 929 అధ్యాయాలూ పూర్తవుతాయి.

అంతకన్నా ముఖ్యం, ఒక్కరే మొదలుపెట్టకండి. మీ సంఘంలో ఇంకో ఇద్దరిని కలుపుకుని ముగ్గురూ ఒకే రోజు ఒకే అధ్యాయం చదవండి. ఆదివారం ఆరాధన అయ్యాక 15 నిమిషాలు కూర్చోండి. ఏ వచనం పట్టుకుంది, ఏది అర్థం కాలేదు, ఈ రెండే మాట్లాడుకోండి. అర్థం కానివి రాసి పాస్టరు గారికివ్వండి. వాక్యం చెప్పేవారికి అంతకంటే పనికొచ్చే కాగితం ఉండదు. ఎవరికైనా రోజులు తప్పితే వెనక్కి వెళ్లొద్దు, మిగతావాళ్లున్న అధ్యాయం దగ్గరే వచ్చి కలవాలి. "ఎన్ని రోజులు చదివావు?" అని మాత్రం ఒకరినొకరు అడగకండి. ఆ ప్రశ్న మొదలైతే చదవనివాళ్లు రావడం మానేస్తారు.

ప్రశ్న: మా సంఘంలో మూడు రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించారు. ఇదివరకు నేనెప్పుడూ ఉపవాసం ఉండలేదు. రహస్యంగా ఉపవాసం చేయమన్నారు కదా ప్రభువు, మరి అందరం కలిసి చేయవచ్చా?

జవాబు: మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు తప్పుపట్టింది మనుషులకు కనబడాలని చేసే ప్రదర్శనను. అంతియొకయ సంఘం కలిసి ఉపవాసముండి ప్రార్థించాకే బర్నబాను, సౌలును (పౌలును) సువార్త పనికి పంపినట్టు అపొస్తలుల కార్యములు 13లో ఉంది. కాబట్టి కలిసి చేయడం తప్పు కాదు. ఎవరెవరు ఉన్నారో చేతులెత్తించడం, ఉండనివాళ్లను చిన్నచూపు చూడడం తప్పు.

ఉపవాసం అలవాటు లేనివాళ్లు నేరుగా మూడు రోజులకు దిగొద్దు. మొదటి నెలలో వారానికి ఒక్క పూట మానండి. తర్వాత ఒక రాత్రి భోజనం నుంచి మర్నాటి రాత్రి భోజనం దాకా, సుమారు 24 గంటలు. నీళ్లు మానకండి. కాఫీ, టీ అలవాటున్నవాళ్లకు ఆ రోజు పట్టుకునే తలనొప్పిలో ఎక్కువ భాగం ఆకలిది కాదు, హఠాత్తుగా కెఫీన్ ఆగడం వల్ల వచ్చేది. వారం ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ వస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. విరమించేటప్పుడు కొంచెం, తేలికైనది తిని, గంట ఆగి మిగతాది తినండి.

షుగర్‌కు మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, తిండి విషయంలో మానసిక సమస్య ఎదుర్కొన్నవాళ్లు భోజనం మానొద్దు. షుగర్ మందు వేసుకుని తినకపోతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, విశ్వాసం పేరుతో మందు మానేయడం ఇంకా ప్రమాదం. వీళ్లు ఫోనో, టీవీయో పక్కనపెట్టి ఆ సమయం ప్రార్థనకివ్వవచ్చు. ఉపవాసం ప్రకటించే రోజునే ఈ మాట వేదిక మీద నుంచి చెప్పడం పెద్దల బాధ్యత. చెప్పకపోతే అందరికన్నా ముందు దాచుకుని ఇబ్బందిపడేది వీళ్లే.

తిండి మానేసి ఆ సమయాన్ని ఖాళీగా వదిలేస్తే మిగిలేది చిరాకే. భోజన సమయానికి మందిరంలో 40 నిమిషాలు కలవండి: ఒక కీర్తన చదవడానికి 5 నిమిషాలు, మౌనంగా 10, పాపాల ఒప్పుకోలుకు 5, మిగతా 20 పేర్లు పెట్టి ఇతరుల కోసం విజ్ఞాపన. యెషయా 58 ప్రకారం ఆకలిగొన్నవారికి ఆహారం పంచకుండా ఉపవాసం పూర్తికాదు. మానిన పూట ఖర్చు లెక్కగట్టి అదే వారంలో అవసరమున్న కుటుంబానికి చేర్చండి.

ప్రశ్న: మౌన ధ్యానానికి కూర్చుంటే రెండు నిమిషాలకే మనసు ఎటో పోతుంది.

జవాబు: పోతుంది, అందరికీ. 20 నిమిషాలు పెట్టుకోకండి, 5తో మొదలుపెట్టండి. పక్కన కాగితం ఉంచుకుని, గుర్తొచ్చిన పని ఒక్క మాటలో రాసి వదిలేయండి. 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గిగో వాక్యధ్యానాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, మననం, ప్రార్థన, దేవుని సన్నిధిలో ఊరక ఉండడం. చాలామంది మొదటి మూడూ లేకుండా నాలుగో మెట్టు మీద కూర్చోవాలని చూస్తారు. ఐదారు వచనాలు మెల్లగా రెండుసార్లు చదివి, పట్టుకున్న ఒక్క మాటతో కూర్చోండి. మనసు పోయిన ప్రతిసారీ ఆ మాట దగ్గరికి రండి.

ప్రశ్న: స్త్రీల ప్రార్థన కూడికలో నా ఇంటి సమస్య చెప్పుకున్నాను. "ప్రార్థించండి" అనే పేరుతో అది సంఘమంతా పాకింది. ఇక నోరు విప్పబుద్ధి కావడం లేదు.

జవాబు: మీకు జరిగింది అన్యాయం, అమ్మా. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకొనమని యాకోబు 5:16 చెబుతుంది, కానీ ఇరవైమంది కూడిక అందుకు తగిన చోటు కాదు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ 1738 డిసెంబరులో ఇలాంటి చిన్న గుంపులకు నియమాలు రాశాడు. స్త్రీలు వేరు, పురుషులు వేరు. చేరేముందే, నీ తప్పులు ముఖం మీద చెబితే ఒప్పుకుంటావా అని అడిగేవారు. వారం వారం కలిసేవారు. గుంపు చిన్నదిగా ఉండడమే అందులోని భద్రత.

మీరు ముగ్గురికి మించకుండా కలవండి. మొదటి రోజే నియమాలు రాసుకోండి: ఇక్కడి మాట భర్తకైనా చెప్పకూడదు, అడగనిదే సలహా ఇవ్వకూడదు, వేరొకరి తప్పులు కాదు, ఎవరివి వాళ్లే చెప్పుకోవాలి, ప్రార్థన అంశంగా బయటికి వెళ్లాలంటే ఏ మాటల్లో వెళ్లాలో చెప్పుకున్నవాళ్లే నిర్ణయించాలి. పిల్లలకు కీడు, ఇంట్లో కొట్టడం, చనిపోవాలనే ఆలోచన, ఈ మూడింటిలో ఏది బయటపడినా గోప్యత వర్తించదని కూడా అదే రోజు చెప్పుకోండి. అప్పుడు సాయం చేయగలవారికి వెంటనే చెప్పాలి; పిల్లల విషయమైతే అధికారులకు. "ప్రార్థిద్దాం" అని ఊరుకుంటే మనిషి ప్రాణానికే ముప్పు.

మీ మాట బయటపెట్టినవారితో మత్తయి 18:15 ప్రకారం ముందు ఒంటరిగా మాట్లాడండి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లండి. క్షమించాక కూడా మళ్లీ అదే కూడికలో మనసు విప్పి తీరాలన్న నియమమేమీ లేదు.

ప్రశ్న: సండేస్కూలు, పాటల బృందం రెండూ నావే. ఆదివారమే నాకు అన్నిటికన్నా అలసట. విశ్రాంతి దినం ఎలా పాటించాలి?

జవాబు: వేరే రోజు తీసుకోండి. ఒక సాయంత్రం సూర్యాస్తమయం నుంచి మర్నాటి సూర్యాస్తమయం దాకా, సంఘం పనుల ఫోన్లు కూడా ఎత్తకుండా. అది వీలుపడాలంటే పని పంచాలి. ఒక్కో బాధ్యతకు ఇద్దరు, నెలలో రెండేసి ఆదివారాలు, ఐదో ఆదివారం వస్తే పెద్దలు. మూడు నెలల పట్టిక రాసి మందిరం గోడకు అంటించమని పాస్టరు గారిని అడగండి. రెండో మనిషి దొరక్కపోతే ఆ రెండు ఆదివారాలు వాద్యాలు లేకుండా పాడుకోవచ్చు.