వినపడని తాతగారికి మిస్టర్ బీన్

‘ఏం చూద్దాం?’ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు
(నల్లగొండలో వీడియో క్యాసెట్ల దుకాణం నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి నిర్వహిస్తున్న శీర్షిక)

ప్రశ్న: నమస్కారమండీ. మాది హాలియా. మా మామగారికి చెవులు బాగా మందగించాయి. మిషను పెట్టుకుంటే అంతా గోలగా ఉందని తీసి సొరుగులో పడేస్తారు. టీవీలో మాటలు అందక విసుక్కుని లేచిపోతారు. దసరా సెలవులకు మా ఆడపడుచు కొడుకు వచ్చాడు, మూడో తరగతి. వాడు ఫోనులో మిస్టర్ బీన్ అనే ఇంగ్లీషు హాస్య కార్యక్రమం చూస్తుంటే మామగారు వెనకనుంచి తొంగిచూసి పైకే నవ్వారు. ఆయన అలా నవ్వి చాలా కాలమైంది. అందుకని రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరికీ పెద్ద టీవీలో ఒక ఎపిసోడ్ పెడదామనుకుంటున్నాం. అన్నీ చూపించవచ్చా? దేనితో మొదలుపెట్టాలి? మామగారు నిష్ఠగా ఉండే మనిషి, మాంసం ముట్టరు.
– ఒక కోడలు

జవాబు: అన్నీ వద్దమ్మా. బీన్ ఎపిసోడ్లు నిజానికి పద్నాలుగే. 1990 జనవరి 1న బ్రిటన్‌లో ఐటీవీలో మొదలై 1995 దాకా వచ్చాయి. పదిహేనోదని లెక్కపెట్టేది పాత ముక్కలన్నీ అతికించిన కూర్పు, దాన్ని వదిలేయండి. ఒక్కోటి 25 నిమిషాలే అయినా అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు ఘట్టాలుంటాయి. కాబట్టి మీరు ఎంచవలసింది ఘట్టాలను.

మాటలు తక్కువ కనుక ఏది పెట్టినా అర్థమవుతుందని అనుకోకండి. మామగారు నిద్రపోయాక టీవీ శబ్దం పూర్తిగా తీసేసి మీరొక్కరే చూడండి. ఆ మనిషికి ఏం కావాలో, దానికి ఏది అడ్డొచ్చిందో మీకు కళ్లతోనే తెలిసిపోతే అది పెట్టవచ్చు. గడియారం స్తంభం దగ్గర నా దుకాణంలో చిన్న టీవీ ఒకటి గల్లాపెట్టె పక్కన ఎప్పుడూ మూగగానే ఆడుతుండేది. క్యాసెట్‌తో పనిలేనివాళ్లు కూడా మెట్ల మీద ఆగి చూసినవి ఏవో నాకు బాగా గుర్తు. వాటిలోంచే చెబుతున్నాను.

మొదటి రాత్రి ‘ది కర్స్ ఆఫ్ మిస్టర్ బీన్’ పెట్టండి. అందులో పార్కు బెంచీ ఘట్టం ఉంది. పక్కన ఒక పెద్దమనిషి ఇంటినుంచి తెచ్చుకున్న శాండ్‌విచ్ విప్పుకుంటాడు. అది చూసి మనవాడు కోటులోంచి రొట్టె తీసి కత్తెరతో కత్తిరిస్తాడు. వెన్న రాయడానికి క్రెడిట్ కార్డు. ఆకుకూర కడిగాక నీళ్లు పోవాలి కదా, బూటు విప్పి, కాలి సాక్సు తీసి, ఆకులు అందులో వేసి గిరగిరా తిప్పుతాడు. మిరియాలు రుమాలులో పోసి బూటుతో దంచుతాడు. టీ వేడినీళ్ల సంచిలో, పాలు పసివాళ్ల పాలసీసాలో. ఇంతా సిద్ధం చేసుకుని నోట్లో పెట్టుకోబోయే సమయానికి తుమ్ము! ఈ ఘట్టానికి ప్రాణం సాక్సు కాదు, పక్కనున్నాయన ముఖం. మర్యాదకు ఏమీ అనలేడు, లేచి వెళ్లనూ లేడు. బస్సు ప్రయాణంలో పక్కసీటువాడి చేష్టలు భరించిన ఎవరికైనా ఆ ముఖం తెలుసు. మధ్యలో సీసాలోంచి చేపలు తీసి కొట్టి చంపి రొట్టెలో పెడతాడు. అప్పుడు మామగారు కళ్లు పక్కకు తిప్పుకుంటే తిప్పుకోనివ్వండి. అదే ఎపిసోడ్‌లో ఈతకొలను ఘట్టం కూడా బాగుంటుంది కానీ చివర్లో లాగు ఊడిపోతుంది. మనవడికి పండగే. పెద్దాయన సంగతి మీకే తెలియాలి.

తర్వాత ‘డూ ఇట్ యువర్‌సెల్ఫ్, మిస్టర్ బీన్’. కొన్న సామానంతా కారులోకి కూరేస్తే తను కూర్చోవడానికి చోటుండదు. కొన్న కుర్చీని కారు పైకప్పు మీద కట్టి, అందులో కూర్చుని, తాళ్లతో, చీపురు కర్రతో కారు నడుపుతాడు. దీనికి ఒక్క మాట కూడా అక్కర్లేదు. ‘ది ట్రబుల్ విత్ మిస్టర్ బీన్’లో నిద్రలేవడం ఆలస్యమై కారు నడుపుతూనే బట్టలు వేసుకోవడం, పళ్లు తోముకోవడం, ఆ తర్వాత పళ్ల డాక్టరు కుర్చీ. ‘గుడ్‌నైట్, మిస్టర్ బీన్’లో చెయ్యి టీ కెటిల్‌లో ఇరుక్కుని ఆసుపత్రికి పోయి, టోకెన్ కోసం దొంగ ఎత్తులు వేస్తాడు. టోకెన్ తీసుకుని గంటలు కూర్చున్న అనుభవం మామగారికి ఉండే ఉంటుంది.

మొట్టమొదటి ఎపిసోడ్‌కు మాత్రం మనవడి సాయం కావాలి. పరీక్ష హాలులో పక్కవాడి పేపరు చూసి రాయాలని బీన్ పడే పాట్లు అందరికీ తెలుస్తాయి. కానీ అసలు దెబ్బ చివర్లో ఉంది. కవరులో రెండు ప్రశ్నపత్రాలున్నాయని, తను చదివి వచ్చినది ఆ రెండోదని అతనికి అప్పుడు తెలుస్తుంది. అది బయటపడేది పర్యవేక్షకుడి మాటల్లోనే. ముందుగానే ఆ పిల్లవాడిచేత పలక మీద పెద్ద అక్షరాలతో ‘కవరులో రెండు పేపర్లు’ అని రాయించి తాతకు చూపించమనండి. తాతకు ముందే తెలిస్తే నవ్వు పోదు, పెరుగుతుంది. అందులోనే చర్చిలో నిద్ర ఆపుకోలేని ఘట్టం ఉంది. దానికి పలక అక్కర్లేదు.

వద్దన్నవి: ‘ది రిటర్న్ ఆఫ్ మిస్టర్ బీన్’లో హోటల్లో పచ్చి గొడ్డుమాంసం ప్లేటులో వస్తుంది. తినలేక అతను దాన్ని కనపడినచోటల్లా దాచిపెడతాడు. గొప్ప ఘట్టమే, కానీ మీ ఇంట్లో భోజనాలైన వెంటనే కాదు. క్రిస్మస్ ఎపిసోడ్‌లో పచ్చి టర్కీ కోడిలో తల ఇరుక్కుంటుంది, అదీ అంతే. ‘రూమ్ 426’లో ఒంటి మీద నూలుపోగు లేకుండా హోటల్ వరండాలో చిక్కుకుంటాడు. కోడలూ మామగారూ కలిసి చూసేది కాదు.

ఇంకొక్క మాట. ఎపిసోడ్ నడుస్తుండగా మీరు పక్కనుంచి సైగలతో వివరించకండి. వెనక వినిపించే ప్రేక్షకుల నవ్వు ఆయనకు అందదు. ఎక్కడ నవ్వాలో ఆయనే చూసుకుంటారు.

ప్రశ్న: మా పిల్లలు కార్టూన్ బీన్ చూస్తున్నారు. అది చాలదా? – వనపర్తి

జవాబు: 2002లో మొదలైన కార్టూన్‌కు కూడా గొంతు బీన్‌గా నటించిన రోవన్ అట్కిన్‌సన్‌దే. పిల్లలకు చాలు. కానీ గీసిన బొమ్మ ఎంత ఎత్తునుంచి పడినా లేస్తుందని వాళ్లకూ తెలుసు. ఈతకొలనులో పైబల్ల అంచున వేలాడుతూ భయపడే మనిషి భయం చూడాలంటే మనిషే ఉండాలి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. మొదటినుంచి వరసగా చూడాలా? – మహబూబ్‌నగర్

జవాబు: అక్కర్లేదు బాబూ, సాగే కథ ఏమీ లేదు. నీలం రంగు మూడు చక్రాల కారు ఎప్పుడు కనిపించినా కళ్లు దానిమీదే ఉంచు. బీన్ చేతిలో పాపం దానికి ఎప్పుడూ కష్టాలే, నడిపేవాడి ముఖం మాత్రం కనపడదు. ‘బ్యాక్ టు స్కూల్, మిస్టర్ బీన్’ ఒక్కటి చివరకు ఉంచుకో. అందులో అతని చిన్న కారు మీదనుంచి సైన్యం ట్యాంకు నడిచిపోతుంది. అంతకుముందు ఎపిసోడ్లలో ఆ కారు నల్ల బానెట్‌నూ, తలుపుకు అతను వేసే తాళంకప్పనూ చూసి ఉండకపోతే, నలిగింది ఏదో ఒక కారు అనుకుని ముందుకు జరిపేస్తావు.