లెక్కల లోకం: పెద్ద నెట్‌వర్కుల గణితం - పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పెద్ద నెట్‌వర్కుల మీద పరిశోధన చేసే గణితవేత్తలు అసలు ఏం లెక్కలు చేస్తారు? ఇప్పటి నుంచే నేను ఏం మొదలుపెట్టొచ్చు?
- బీఎస్సీ రెండో ఏడాది విద్యార్థిని, చిత్తూరు

జవాబు: మీ ఊరి మీదుగా వెళ్లే రైలు లైన్లే తీసుకోండి. కాగితం మీద తిరుపతి, పాకాల, చిత్తూరు, కాట్పాడి, అరక్కోణం, రేణిగుంట అని ఆరు చుక్కలు పెట్టి, వరుసగా గీతలు కలిపి, రేణిగుంట నుంచి మళ్లీ తిరుపతికి గీయండి. ఇప్పుడు పాకాలను చెరిపేసినా చిత్తూరు నుంచి తిరుపతికి దారి ఉంటుంది, కాకపోతే కాట్పాడి మీదుగా చుట్టు తిరగాలి. అరక్కోణాన్ని కూడా చెరిపేస్తే దారి తెగిపోతుంది. ఏ చుక్కలు పోతే నెట్‌వర్క్ ముక్కలవుతుంది అన్నది ఈ రంగంలో తొలి ప్రశ్నల్లో ఒకటి. ఆరు చుక్కలకు కంటితోనే తేలుతుంది. కోటి చుక్కలున్నప్పుడు బొమ్మ గీయడమే కుదరదు కాబట్టి ప్రాబబిలిటీ కావాలి.

1959, 1960ల్లో ఎర్డోష్, రెన్యీ అనే హంగేరీ గణితవేత్తలు చేసిన పని ఇక్కడే మొదలవుతుంది. దాన్ని మీరే చేసి చూడొచ్చు. వెయ్యి చుక్కలు తీసుకుని, లాటరీ తీసినట్టు ఏవో రెండింటిని ఎంచి గీత కలుపుతూ పోండి. 250 గీతల దగ్గర అన్నీ చిన్నాచితకా ముక్కలే. 750 గీతలకు దాదాపు 58 శాతం చుక్కలు ఒకే ముక్కలో చేరిపోతాయి, 1000 గీతలకు సుమారు 80 శాతం. మలుపు 500 దగ్గర. అక్కడ చుక్కకు సగటున ఒక గీత ఉంటుంది. ఒక చుక్క నుంచి బయల్దేరినప్పుడు ప్రతి అడుగులో సగటున ఒకటికి మించి కొత్త చుక్కలు తగిలితేనే ఆ ముక్క పెరుగుతూ పోతుంది, లేదంటే మధ్యలో ఆగిపోతుంది. పైథాన్‌లో పాతిక లైన్ల ప్రోగ్రాం చాలు. అయితే 500 దగ్గర ఒక్కసారి నడిపి వచ్చిన అంకెను నమ్మకండి. అక్కడ అన్నిటికంటే పెద్ద ముక్క ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. కనీసం వందసార్లు నడిపి ఆ తేడాలను రాసుకోండి.

చదువు విషయానికొస్తే ప్రాబబిలిటీ, ఐగెన్ విలువల దాకా లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ గట్టిగా పట్టుకోండి. ముందు కోడింగ్, తర్వాత గణితం అనే వరస మాకు సరైనదిగా అనిపించదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ఇంజినీరింగ్ వద్దు, ఇలాంటి లెక్కలే చదువుతానంటోంది. ఎన్నేళ్లు పడుతుంది? బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తండ్రి, తిరుపతి

జవాబు: ఉంటుంది, కానీ నిదానంగా అందుతుంది. ఇంటర్ కాగానే ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాసి ఏర్పేడు దగ్గరున్న ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థలో చేరొచ్చు. చెన్నై సీఎంఐకి (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), ఐఎస్ఐకి (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) వేరే ప్రవేశ పరీక్షలున్నాయి. ఊళ్లోనే బీఎస్సీ చదివినా నష్టమేం లేదు. చివరి ఏడాది ఫిబ్రవరిలో జామ్ రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక 42,000 (2023లో పెంచిన రేట్లు ఇవి). ఇంటర్ తర్వాత పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి సుమారు పదేళ్లు, ఆపైన రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం). ఈ లెక్క ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. మధ్యలో ‘ఇంకా ఎన్నాళ్లు’ అన్న ఒత్తిడి మొదలైతే పిల్లలు చదువు మీద నిలవలేరు.

ఈ రంగంలో పేరున్న జెన్నిఫర్ ఛేస్ మ్యాథమెటికల్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి, లాస్ ఏంజెలెస్‌లో ప్రొఫెసర్‌గా ఉండి, 1997లో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగానికి వెళ్లారు. 2020లో మళ్లీ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి వచ్చారు. అంటే కంపెనీకీ కాలేజీకీ మధ్య రాకపోకలు ఇక్కడ మామూలే.

ఒక జాగ్రత్త. గైడ్ పేరు పక్కన ‘గ్రాఫ్ థియరీ’ (చుక్కలు, గీతల గణితం) అని ఉంటే సరిపోదు. ఆయన గత ఐదేళ్ల పేపర్లు చూడమనండి. గ్రాఫ్ లేబెలింగ్ (చుక్కలకు, గీతలకు నియమాల ప్రకారం అంకెలు వేయడం) చేసేవారి దగ్గర చేరితే పెద్ద నెట్‌వర్కుల పని దొరకదు.

ప్రశ్న: ప్రాజెక్టులో పది లక్షల నోడ్లు (చుక్కలు) ఉన్న నెట్‌వర్క్ తీసుకున్నాను. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది. చిన్న శాంపిల్‌లో లాగ్ గ్రాఫ్ సరళరేఖలా వచ్చింది, పవర్ లా అని రాసేయొచ్చా?
- ఎమ్మెస్సీ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: బహుశా ఏ నోడ్‌కు ఏ నోడ్‌తో గీత ఉందో చూపే మొత్తం మాత్రికను (గడుల పట్టికను) మెమరీలో పెడుతున్నారు. పది లక్షల నోడ్లకు లక్ష కోట్ల గడులు, గడికి ఒక బైటు అనుకున్నా ఒక టెరాబైటు. గీతల జాబితా మాత్రమే దాచండి. నోడ్‌కు సగటున పది గీతలుంటే మొత్తం గీతలు 50 లక్షలే. గీతకు 8 బైట్లు చొప్పున 40 మెగాబైట్లలో సర్దుకుంటుంది. పైథాన్ లైబ్రరీ సైపీలోని స్పార్స్ మాత్రిక (సున్నా గడులను దాచనిది) గానీ, ఐగ్రాఫ్ అనే నెట్‌వర్క్ లైబ్రరీ గానీ వాడండి.

గీతల సంఖ్య పెరిగే కొద్దీ, అన్ని గీతలున్న నోడ్ల వాటా ఆ సంఖ్య తాలూకు ఒక స్థిర ఘాతానికి విలోమంగా తగ్గడాన్ని పవర్ లా అంటారు. అలా అని అప్పుడే రాయకండి. తోక భాగంలో (చాలా ఎక్కువ గీతలున్న నోడ్ల వైపు) బిందువులు కొన్నే ఉంటాయి, లాగ్-నార్మల్ (లాగరిథమ్ తీస్తే గంట ఆకారంలో వచ్చే పంపిణీ) కూడా అచ్చం అలాగే కనబడుతుంది. మ్యాగ్జిమమ్ లైక్లీహుడ్‌తో (చేతిలోని డేటా రావడానికి అన్నిటికంటే ఎక్కువ అవకాశమిచ్చే విలువను ఎంచే పద్ధతితో) ఘాతాన్ని అంచనా వేసి, లాగ్-నార్మల్‌తో పోల్చి చూపండి. క్లాసెట్, షలీజీ, న్యూమన్ అనే పరిశోధకులు 2009లో వివరించిన పద్ధతి ఇదే.

ఇంకొకటి, ఆ శాంపిల్ ఎలా తీశారు? ఒక నోడ్ నుంచి పక్క నోడ్‌కు వెళుతూ సేకరించి ఉంటే ఎక్కువ గీతలున్నవే ఎక్కువసార్లు తగిలి ఉంటాయి. రేణిగుంటను, దానికి నాలుగు దిక్కులా ఉన్న తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, కోడూరులను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. స్టేషన్‌కు సగటు గీతలు 1.6. ఒక్కో స్టేషన్ తన పొరుగు స్టేషన్ల గీతలు చూసి సగటు వేస్తే, ఆ ఐదు సగటుల సగటు 3.4 వస్తుంది. అంటే గీతల వెంట వెళ్తే ఎక్కువ గీతలున్న రేణిగుంటే పదేపదే తగులుతుంది. యాదృచ్ఛిక నడకతో (ప్రతిసారీ ఏదో ఒక పొరుగు నోడ్‌ను లాటరీలా ఎంచి వెళ్తూ) సేకరించిన డేటా అయితే ప్రతి నోడ్‌కూ దాని గీతల సంఖ్యకు విలోమంగా బరువు ఇచ్చి లెక్క మళ్లీ చేయండి.