విమానం రేడియో రిపేరు చేయాలంటే బీటెక్కా, బీ2 లైసెన్సా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. టీవీ, మిక్సీ రిపేరు షాపు ఉంది. మా అబ్బాయి ప్లస్ టూ సైన్స్ పరీక్షలు రాశాడు. జయపురంలో దిగే చిన్న సెస్నా విమానాన్ని చూసినప్పటి నుంచి, అందులో దారి చూపించే రేడియో మీటర్లు చెడిపోతే బాగుచేసే పనే నేర్చుకుంటానంటున్నాడు. బంధువులు ఈసీఈ బీటెక్‌లో వేయమంటున్నారు. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో ‘ఏవియేషన్ డిప్లొమా, జాబ్ గ్యారంటీ’ అంటూ రోజూ ఫోన్ చేస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ కన్సల్టెన్సీ ఫోన్లు ఎత్తడం మానేయండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

అసలు మీ వాడు అడుగుతున్న పని ఎలా ఉంటుందో చెబుతాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఒక ఫ్లయింగ్ క్లబ్ హ్యాంగర్‌లో ఆ పనే చేశాను. మీ షాపులో ఎఫ్ఎం రేడియో ముల్లు 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది కదా, విమానాలకు దారి చూపే వీఓఆర్ అనే రేడియో వ్యవస్థ అక్కడ మొదలై 117.95 వరకు ఉంటుంది. నేల మీది స్టేషన్ 30 హెర్ట్జ్ సిగ్నళ్లు రెండు పంపుతుంది. ఒకటి ఏ దిక్కున విన్నా ఒకేలా ఉంటుంది. రెండోదాని ఫేజ్, అంటే అల ఎంత ముందో వెనకో నడుస్తోందన్నది, దిక్కును బట్టి మారుతుంది. స్టేషన్‌కు ఉత్తరాన ఉంటే రెండూ కలిసి నడుస్తాయి, తూర్పున ఉంటే 90 డిగ్రీల తేడా. ఆ తేడాను కొలిచి రిసీవర్ మీటర్‌లోని సూదిని కదుపుతుంది. సిగ్నల్ నమ్మదగినట్టు లేకపోతే మీటర్ మీద చిన్న ఎర్ర ఫ్లాగ్ పడుతుంది.

ఒకసారి ఒక పైలట్ లాగ్‌బుక్‌లో ఒక్క లైను రాసి వెళ్లాడు: ‘నావ్ 1 సూది నిలవడం లేదు, ఫ్లాగ్ వచ్చిపోతోంది.’ విమానంలో ఇలాంటి దారి చూపే రిసీవర్లు రెండు, నావ్ 1, నావ్ 2. నేల మీద టెస్ట్ సెట్ (వీఓఆర్ స్టేషన్‌లా సిగ్నల్ పంపే పెట్టె) పెట్టి చూస్తే అంతా బాగానే ఉంది. కొత్తగా చేరినవాణ్ని, చేతులు ఊరుకోవు కదా, రిసీవర్ మార్చేశాను. మర్నాడు అదే కంప్లైంట్. ఇండికేటర్, అంటే సూది ఉన్న మీటర్, మార్చాను. మళ్లీ అదే. మూడో రోజు మా సీనియర్ వచ్చారు. నన్ను పలకరించను కూడా లేదు, పైలట్‌ను మాత్రం ఒకటే అడిగారు: ‘ఆ టైమ్‌లో నావ్ 2 ఎలా ఉంది?’

‘అదీ అంతే సార్. నేను వాడుతున్నది నావ్ 1 కదా అని రాయలేదు.’

ఈ మాట వినగానే మీకు వెలిగి ఉంటుంది. ఒకే యాంటెన్నా మీద రెండు టీవీలు పెట్టి, రెండింట్లోనూ చుక్కలే వస్తే టీవీలు విప్పరు, మేడెక్కుతారు. దూరదర్శన్ రోజుల్లో ఇంటికొకడు మేడ మీద యాంటెన్నా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని అరిచేవాడు, గుర్తుందా? మేమూ అదే చేశాం. ఆ విమానానికి తోక పైన పిల్లి మీసాల్లాంటి యాంటెన్నా ఒకటే. దాని కేబుల్ లోపలికి వచ్చాక రెండు రిసీవర్లకు చీలుతుంది. టెస్ట్ సెట్ ఆన్ చేసి, తోక దగ్గర కేబుల్‌ను రెండు వేళ్లతో మెల్లగా ఊపాను. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడు ‘పడింది, పడింది’ అని కేకేశాడు. కనెక్టర్ విప్పితే లోపల పాత రాగి చెంబులా పచ్చగా చిలుము పట్టి ఉంది. వానాకాలం నీళ్లు దిగాయి. నేల మీద కదలకుండా ఉన్నప్పుడు ఎలాగో అంటుకుని ఉన్న ఆ తీగ, గాల్లో ఇంజిన్ అదురుకు వదిలేస్తోంది. కేబుల్ చివర కత్తిరించి కొత్త కనెక్టర్ వేయడానికి గంట కూడా పట్టలేదు. దానికి ముందు నేను తగలేసిన రెండు రోజుల సంగతి మా సీనియర్ ఎప్పుడూ ఎత్తలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

పైలట్‌ను అడగాల్సింది ఇంకొకటి కూడా ఉంది. ప్రతి వీఓఆర్ స్టేషన్ తన పేరును మోర్స్ కోడ్‌లో పంపుతూ ఉంటుంది. అది హెడ్‌సెట్‌లో శుభ్రంగా వినిపిస్తూ కూడా ఫ్లాగ్ పడుతోందంటే యాంటెన్నాను అనుమానించడం దండగ, రిసీవర్ లోపలో మీటర్ దగ్గరో వెతకాలి. గరగరలాడితే తోక వైపు నడవాలి. ఒక్కోసారి ఏదీ పాడవదు. ప్రొపెల్లర్ ఒక వేగంలో తిరుగుతుంటే సూది 6 డిగ్రీల దాకా ఊగవచ్చు, ఆర్‌పీఎం కొంచెం మార్చగానే నిలుస్తుంది. అది తెలియనివాడు మంచి పెట్టెను విప్పి పాడుచేస్తాడు.

ఇక చదువు. బాగుచేశాక ‘ఈ విమానం ఎగరవచ్చు’ అని సంతకం పెట్టే హక్కు బీటెక్ పట్టా ఇవ్వదు. దానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీర్) లైసెన్స్ కావాలి. అందులో రేడియోలు, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్లు చూసేది బీ2 కేటగిరీ. ఇంజిన్ మెకానికల్ వైపు బీ1. ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉంటే చాలు. చేరే సంస్థకు సీఏఆర్-147 (శిక్షణ సంస్థలకు డీజీసీఏ పెట్టిన నిబంధనలు) ఆమోదం బీ2 కోర్సుకే ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లో మీరే చూడండి, బ్రోషర్‌లో చూడకండి. ‘ఏవియేషన్ డిప్లొమా’ అని పేరు పెట్టినంత మాత్రాన లైసెన్స్ దారి తెరుచుకోదు.

పరీక్షలు మాడ్యూళ్లుగా ఉంటాయి, ఒక్కోదాంట్లో 75 శాతం వస్తేనే పాస్. పేపర్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి. మీ వాడు ఒడియా మీడియమైతే, ఇంట్లో తెలుగైతే, భయపడాల్సింది ఎలక్ట్రానిక్స్ గురించి కాదు, దీని గురించే. ఇప్పటినుంచే రోజుకో అరగంట ఇంగ్లిష్ మాన్యువల్ ఏదైనా చదివించండి. మీ షాపులో ఉన్న సర్వీస్ మాన్యువళ్లు చాలు. ఆమోదం ఉన్న కోర్సు చేసినా, నడుస్తున్న విమానాల మీద 2 ఏళ్ల ప్రాక్టికల్ అనుభవం ఉంటేనే లైసెన్స్ చేతికొస్తుంది. మొత్తం నాలుగైదేళ్లు అనుకోండి. అప్పటిదాకా జీతం ఆశించి అప్పు చేయొద్దు.

బంధువుల మాట పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. నేల మీదున్న వీఓఆర్ స్టేషన్లను, దిగే విమానానికి రన్‌వే దారి చూపే ఐఎల్ఎస్ స్టేషన్లను చూసుకునేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలోని ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్లు. అక్కడ జూనియర్ ఎగ్జిక్యూటివ్ కావాలంటే ఎలక్ట్రానిక్స్ బీటెక్ తప్పనిసరి, ఈ మధ్య గేట్ స్కోరుతో తీసుకుంటున్నారు. ప్రభుత్వ ఉద్యోగమే కావాలనుకుంటే ఆ దారి. విమానం తోక దగ్గరే నిలబడాలనుకుంటే బీ2.

ఏది వాడికి సరిపోతుందో తేల్చడానికి ఈ సెలవుల్లో ఒక పని పెట్టండి. షాపుకు వచ్చిన ప్రతి సెట్‌కూ స్క్రూ విప్పకముందే నోటుబుక్కులో రాయాలి: కస్టమర్ ఏమన్నాడు, తను ఏం అడిగాడు, తప్పు ఎక్కడుందని అనుకుంటున్నాడు. విప్పాక అసలు తప్పు ఎక్కడ దొరికిందో పక్కనే రాయాలి. నెలయ్యాక ఆ పేజీలు ఫొటో తీసి నాకు పంపండి. తప్పు అంచనాలను కొట్టేయనివ్వకండి, నేను చూడాలనుకుంటున్నది అవే.