బరంపురంలో ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఆకులు వడలిపోతున్నాయన్న ప్రశ్నకు సమాధానం

రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు మెత్తబడి ముడతలు పడుతున్నాయంటే లోపల వేర్లు కుళ్లి ఉంటాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు. నీళ్లు ఇంకా పెంచకండి.

1. మొక్కను కుండీలోంచి తీయండి. గట్టిగా ఉన్న వేర్లు ఉంచి, నొక్కితే మెత్తగా, బోలుగా తగిలేవి కత్తిరించండి. కత్తెరను ముందు స్పిరిట్‌తో తుడవండి.

2. చాలామంది వదిలేసే పని ఇది. వేర్ల నడుమ, మొదలు కింద వేలు పెట్టి చూడండి. నర్సరీవాళ్లు లేత మొక్కను నాటిన నాచు ముద్దో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ముద్దో తరచుగా అక్కడే ఉండిపోతుంది. చుట్టూ బెరడు ముక్కలు ఎండినట్టు కనిపిస్తున్నా ఆ ముద్ద తడిగానే ఉంటుంది. కుండీ మార్చేవాళ్లు కూడా దాన్ని అలాగే లోపల పెట్టేస్తారు! నీళ్లలో నానబెట్టి, పుల్లతో మెల్లగా మొత్తం లాగేయండి. ఒకట్రెండు వేర్లు తెగినా టెన్షన్ వద్దు.

3. కన్నాలున్న కుండీలో బొగ్గు, పెంకు ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు వేసి నాటండి. మట్టి అసలు వద్దు. మీ వైపు మామిడి కొమ్మలను పట్టుకుని పెరిగే అడవి వాండా ఆర్కిడ్‌ను చూసే ఉంటారు, దానికి మట్టేదీ?

4. నేరుగా ఎండ తగలని వెలుతురులో పెట్టండి. నీళ్లు ఉదయమే, అదీ నడుమ గుచ్చిన పుల్ల పొడిగా వస్తేనే. వానాకాలంలో ఇంకా తక్కువ. ఆకుల మధ్య నీరు నిలిస్తే గుడ్డతో అద్దేయండి.

కొత్త వేరు మొన పచ్చగా కనిపించేదాకా ఎరువు వేయకండి. ముడతపడ్డ పాత ఆకులు మునుపటిలా కాకపోవచ్చు, కొత్త ఆకును చూసి అంచనా వేయండి.